ఇరవై ఏడో నంబరు చొక్కా

వెండెల్ కుబిక్‌ని ఆటకి దూరం చేసింది ఎవరు? జట్టా, అతనా, నేనా? ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. పుస్తకాల మధ్య కూర్చుని ఎన్నో సంగతులకి నాకు నేనే ఏదో ఒక జవాబు చెప్పుకున్నాను. దీనికి మాత్రం చెప్పుకోలేకపోయాను. అప్పట్లో మా ఊరి పత్రికలో రెండు లైన్లు వచ్చాయి. హెరన్స్ బేస్‌బాల్ జట్టు రెండో క్యాచర్ కుబిక్, ముప్ఫై నాలుగేళ్ళు, కుటుంబ కారణాల వల్ల ఆట విరమించుకున్నాడని. అందులో నా పేరు లేదు. ఉండాల్సిన అవసరం ఎవరికీ తెలియదు.

హెరన్స్ జట్టుకి చొక్కాల వీపు మీద పేర్లు కుట్టేదాన్ని నేను. మైదానానికి రెండు వీధుల అవతల నా దుకాణం. ఆటలు జరిగే వేసవిలో పని తక్కువ, చదువుకోవడానికి తీరిక ఎక్కువ. అసలు పనంతా నవంబరులోనే. ఎవరు ఉంటారు, ఎవరు పోతారు, ఎవరు కొత్తగా వస్తారు అన్నది తేలేది అప్పుడే. జట్టు జాబితాలో నలభై పేర్లకే చోటు. ఇంకొకణ్ణి తేవాలంటే ఉన్నవాళ్ళలో ఒకణ్ణి తీసెయ్యాలి. నవంబరు ఇరవయ్యో తేదీ సాయంత్రం ఆరింటికల్లా జాబితా లీగు ఆఫీసుకి చేరాలి.

జట్టు సామాన్లు చూసే గస్ టెలాండర్ ప్రతి ఏడాదీ నాకొక కాగితం తెచ్చి ఇచ్చేవాడు. ఎడమ పక్క విప్పాల్సిన పేర్లు, కుడి పక్క కుట్టాల్సిన పేర్లు. ఎడమ పక్క ఉన్నవాళ్ళకి చాలాసార్లు ఆ సంగతి ఇంకా తెలిసేది కాదు. “ఆర్లీన్, నీ సూదికి నోరు లేదు” అనేవాడు గస్, కాగితం నా చేతిలో పెడుతూ. నిజంగానే లేదు. ఆటగాళ్ళకీ అది తెలుసు. అందుకే నవంబరు నెలంతా వాళ్ళు మా వీధిలోకి వస్తే నా దుకాణం ఉన్న పక్క నడవకుండా అవతలి పక్క నుంచి వెళ్ళేవారు.

ఒకసారి బంతులు విసిరే పిచ్చర్ ఒకడి భార్య వచ్చింది, కర్టెన్లు కుట్టించుకోవడానికి. ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నామని మురిసిపోతూ చెప్పింది. ఆమె చెప్తుంటే కిటికీల కొలతలు రాసుకున్నాను. ఆమె భర్త పేరు అంతకు గంట ముందే విప్పి బుట్టలో వేశాను. ఆ కర్టెన్లు తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. చాలా ఏళ్ళు అవి నా లోపలి గదిలో అలాగే మడతపెట్టి ఉన్నాయి.

నవంబరులో నా గడప తొక్కిన ఆటగాడు కుబిక్ ఒక్కడే. పెన్సిల్వేనియాలో బొగ్గు గనుల ఊరు వాళ్ళది. తండ్రి గనిలో పనిచేసి దగ్గుతూ పోయాడు. కొడుకు ఏడేళ్ళు చిన్న జట్లతో బస్సుల్లో తిరిగి తిరిగి, ముప్ఫై ఏళ్ళకి మా జట్టులోకి వచ్చాడు. మొదటి క్యాచర్‌కి, అంటే బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టేవాడికి, మోకాలు నొప్పి పుట్టినప్పుడల్లా ఇతని వంతు. మిగిలిన రోజుల్లో కంచె అవతల గొంతుక్కూర్చుని, పిచ్చర్లు చేతులు వేడెక్కించుకోవడానికి విసిరే బంతులు పడుతూ ఉండేవాడు. కుడి చేతి వేళ్ళు నాలుగైదు సార్లు విరిగి అతుక్కుని, అల్లం కొమ్ముల్లా తలోవైపు తిరిగి ఉండేవి. బ్యాటుతో కొట్టడం అంతంత మాత్రమే. “నా బ్యాటు కన్నా మీ సూది గట్టిగా కొడుతుంది మిసెస్ వీ” అని అతనే నవ్వేవాడు. వోగెల్ అనే నా ఇంటిపేరుని ఆటగాళ్ళు అలా ఇంగ్లీషు మొదటి అక్షరానికి కుదించేశారు.

ప్రతి నవంబరులోనూ నాలుగు గంటలు ట్రక్కు నడుపుకుంటూ వచ్చి, తన ఛాతీ కవచం నా బల్ల మీద పెట్టేవాడు, పట్టీలు కుట్టమని. జట్టు కొత్తది ఇస్తుంది కదా అని మొదటి ఏడాది అడిగాను. “కొత్తదానికి నా పక్కటెముకలు తెలీవు” అన్నాడు. నేను కుట్టేదాకా కూర్చునేవాడు. వెళ్ళేటప్పుడు ట్రక్కు మలుపు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టేవాడు. సెలవు తీసుకోవడం అంటే అతనికి అదే.

ఆ ఏడాది గస్ మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చాడు. చేతిలో కాగితం, చంకలో ఒకే ఒక చొక్కా.

“ఇరవై ఏడు. ఉన్నది విప్పు, మేబెరీ అని కుట్టు. రేపు పొద్దున పదింటికి పత్రికలవాళ్ళ ముందు తొడగాలి.”

“ఇది కుబిక్‌ది కదా?”

“నేను నంబరు చెప్పాను, పేరు చెప్పానా?”

“అతనికి తెలుసా?”

“ఆరింటికి తెలుస్తుంది. ఏంటి ఆర్లీన్, ఎప్పుడూ అడగవు, ఇవాళ కొత్తగా?”

“ఏం లేదు. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వస్తాయి.”

“రానీ. కుర్రాడికి ఇరవై మూడేళ్ళు, భుజాలు బోలెడు. నువ్వు కుట్టడమే ఆలస్యం” అని వెళ్ళిపోయాడు.

పేరు విప్పడం తొందరగా అయ్యే పని కాదు. ఒక్కో కుట్టూ బ్లేడు మొనతో తెంపాలి, కింద గుడ్డ చిరగకూడదు. అక్షరం లేచిపోయినా దాని కింద రంగు వెలిసిపోకుండా ఉంటుంది, చుట్టూ సూది రంధ్రాలు ఉంటాయి. పేరు పోయాక కూడా కొంతకాలం చదవొచ్చు. మూడింటికి ‘కె’, ‘యు’, ‘బి’ ఊడి వచ్చాయి. అప్పుడే తలుపు గంట మోగింది. అద్దంలోంచి ముందే ట్రక్కు కనబడింది కాబట్టి సరిపోయింది. ఇస్త్రీ గుడ్డ తీసి చొక్కా మీద పరిచేశాను.

“దెయ్యాన్ని చూసినట్టు చూస్తారేంటి మిసెస్ వీ? గెడ్డం గీసుకోలేదు, అంతే” అంటూ వచ్చాడు కుబిక్. కాగితంలో చుట్టిన వాల్‌నట్ రొట్టె బల్ల మీద పెట్టాడు. “మా అమ్మ పంపింది. మీరు బాగా చిక్కిపోయారని చెప్పి ఒకటి ఎక్కువ చేయించాను.”

“ఎప్పుడూ కోతలే. ఆ రెండోది దారిలో నువ్వే తిన్నావు కదూ?”

“సగమే తిన్నాను. మిగతా సగం ట్రక్కు తింది.”

నవ్వాడు గానీ ఆ నవ్వు మొహంలో నిలవలేదు. ఛాతీ కవచం కుర్చీ మీద పెట్టి, గోడ గడియారం చూశాడు. మూడూ పది.

“మా ఊరి హైస్కూల్లో పాత కోచ్ పని మానేస్తున్నాడు” అన్నాడు. “ఆ పని నన్ను చెయ్యమంటున్నారు. వడ్రంగం క్లాసులు కూడా చెప్పాలట. ఈ వేళ్ళు చూస్తే రంపం జోలికి ఎలా వెళ్ళకూడదో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.”

“మంచిదే కదా.”

“మంచిదే. నాలుగింటికల్లా ఔనో కాదో చెప్పాలి. ఏడింటికి వాళ్ళ బోర్డు కూర్చుంటుంది. నేను కాదంటే ఇంకొకడికి ఇచ్చేస్తారు. పాతాయన ముప్ఫై ఏళ్ళు కదల్లేదు. ఈసారి వచ్చేవాడూ కదలడు.” మళ్ళీ గడియారం చూశాడు. “ఇక్కడ జట్టువాళ్ళేమో ఆరింటికి గానీ చెప్పరు. నాలుక్కీ ఆరుకీ మధ్య రెండు గంటలు, మిసెస్ వీ. పదకొండేళ్ళు ఆడాను. ఇప్పుడు ఆ రెండు గంటల దగ్గర ఇరుక్కున్నాను.”

“మీ ఆవిడ ఏమంటుంది?”

“లొరీనా? నిన్న అడిగాను. ‘ఆడాలని ఉంటే ఆడు, లేకపోతే ఇంటికి రా. నా కోసమని మాత్రం రాకు’ అంది. తిట్టినా బాగుండేది.”

“మరి నీకు ఆడాలని ఉందా?”

అతను కవచం వైపు చూశాడు. “ఈ పట్టీలు కుట్టించుకోవడానికి నాలుగు గంటలు బండి నడిపాను. ఉన్నట్టే కదా? ఒక్క ఏడాది ఉంచితే చాలు, ఆడేసి పోతాను. ఉంచరని తెలిస్తే ఇప్పుడే స్కూలుకి ఫోన్ చేస్తాను. రెండూ పోతే మాత్రం మా బావ దగ్గర క్రిస్మస్ చెట్లు అమ్ముకోవాలి. ఆయన నన్ను ఇప్పటికే చెట్టు కన్నా తక్కువగా చూస్తాడు.”

కవచం తీసుకుని పట్టీ చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

“గస్ వచ్చాడా ఇవాళ?” అన్నాడు.

“గస్ రోజూ వస్తాడు.”

“కాగితం తెచ్చాడా?”

ఇన్నేళ్ళలో ఏ ఆటగాడూ నన్ను ఆ మాట అడగలేదు. సూది ఎక్కడో ఉంది, దొరకలేదు.

“వద్దు, వద్దు. చెప్పకండి” అన్నాడు వెంటనే. “అడక్కూడదు. నోరు జారింది.” కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. గడియారం చూశాను. మూడున్నర.

నాకు ఆ కర్టెన్లు గుర్తొచ్చాయి. పువ్వుల గుడ్డ, ఆరు కిటికీలకి.

లేచాను. “దారం అయిపోయింది. లోపల వెతకాలి” అన్నాను. నిండు ఎర్ర ఉండ ఒకటి మిషను మీదే ఉంది. కుబిక్ కళ్ళు తెరిచి దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను ఇస్త్రీ గుడ్డని బల్ల మీంచి తీసి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను.

లోపలి గదిలో డబ్బా మీద కూర్చున్నాను. సగంలో ఆపిన పుస్తకం అక్కడే ఉంది. తెరిచాను. అక్షరాలు కనబడ్డాయి గానీ ఒక్క మాటా చదవలేకపోయాను. బయట కుర్చీ కదిలింది. అడుగులు బల్ల దాకా వచ్చి ఆగాయి. అక్కడ ఎంతసేపు ఆగాయో చెప్పలేను. తరవాత తలుపు గంట.

బయటికి వచ్చేసరికి కవచం కుర్చీలోనే ఉంది. నేను విప్పి కుప్పగా పడేసిన మూడు అక్షరాలూ చొక్కా పక్కన వరసగా, తిన్నగా పేర్చి ఉన్నాయి. కె, యు, బి.

వీధికి అవతల ఫలహారశాల అద్దంలోంచి, గోడ ఫోను దగ్గర అతని వీపు కనబడింది. నాలుగుకి ఇంకా ఐదు నిమిషాలుంది. ఎక్కువసేపు మాట్లాడలేదు. ఫోను పెట్టేసి వెళ్ళి కౌంటరు దగ్గర కాఫీ ముందు కూర్చున్నాడు. ఇంటికి బయల్దేరతాడనుకున్నాను. బయల్దేరలేదు. అరగంట గడిచింది, గంట గడిచింది, ట్రక్కు అక్కడే ఉంది. మంచు పడటం మొదలై దాని కప్పు తెల్లబడుతోంది. నేను మిగిలిన రెండు అక్షరాలూ విప్పేసి, మేబెరీకి మొదటి అక్షరం కుట్టాను. మంచి పనే చేశానని నాకు నేను చెప్పుకుంటూ కుట్టాను.

ఐదూ ఇరవైకి ఫోను మోగింది. గస్.

“ఆపు! ఎంతదాకా వచ్చావు?”

“ఒక్క అక్షరం అయింది.”

“విప్పెయ్. డాక్టరు ఆ కుర్రాడి భుజం చూసి పనికిరాదన్నాడట. బేరం పోయింది. కుబిక్ ఉంటున్నాడు. పాత పేరే పెట్టు.”

“అతనికి ఎవరైనా చెప్పారా?”

“ఏమని చెప్పాలి? పోతున్నావనే చెప్పలేదు, పోవట్లేదని ఎందుకు చెప్తాం? ఆరింటికి జాబితాలో చూసుకుంటాడు” అని ఫోను పెట్టేశాడు.

ట్రక్కు ఎదురుగా ఉంది. వీధి దాటితే ఇరవై అడుగులు. బోర్డు కూర్చునేది ఏడింటికి. ఒక్క ఫోనుతో స్కూలుకి చెప్పిన మాట వెనక్కి తీసుకోవచ్చు. కోటు అందుకున్నాను, ఒక చెయ్యి తొడుక్కున్నాను. వెళ్ళి ఏం చెప్పాలి? ఇందాక నువ్వు చూసింది నిజమే గానీ ఇప్పుడు కాదనా? నేను నీకేమీ చూపించలేదు, నువ్వేమీ చూడలేదు, అయినా వెనక్కి రా అనా? ఆ మాటలు నోటిదాకా కూడా రాలేదు. ఇన్నేళ్ళూ చెప్పకుండా ఉండటమే నా పని. చెప్పడం ఎలాగో మరిచిపోయాను.

చొక్కానే తీసుకెళ్ళి అతని ముందు పరిచేద్దాం అనుకున్నాను. పూర్తి పేరుతో. మాట అక్కర్లేదు. కోటు తీసేసి మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను. కొత్త అక్షరం తెంపేశాను. పాత రంధ్రాల్లోంచే సూది పోనిస్తూ మొదటి అక్షరం చేత్తో కుట్టాను. రెండోది, మూడోది. ప్రతి కుట్టుకీ తల ఎత్తి ట్రక్కు చూశాను. నాలుగోది నిలువు గీత, తేలిక. చివరి అక్షరం దగ్గర దారం తెగింది. మళ్ళీ ఎక్కించడానికి సూది బెజ్జం ఒక పట్టాన దొరకలేదు.

ఆరుకి పది నిమిషాలుందనగా ముడి వేశాను. కత్తిరించకుండానే, వేలాడే దారంతో, చొక్కా పట్టుకుని లేచాను.

ఫలహారశాల తలుపు తెరుచుకుంది. కుబిక్ కాలరు పైకి లేపుకుని ట్రక్కు ఎక్కాడు. దీపాలు వెలిగాయి.

గుమ్మంలోకి పరిగెత్తాను. చొక్కాని భుజాల దగ్గర పట్టుకుని వీపు వీధి వైపు తిప్పి ఎత్తి పట్టుకున్నాను. వెనక దుకాణం దీపం ఉంది, ఐదక్షరాలూ కనబడే ఉండాలి. కుబిక్ అని అరిచాననే అనుకుంటున్నాను. ఫలహారశాలలో వాళ్ళు ఏమీ వినలేదన్నారు తరవాత. ముందు అద్దం మీద మంచుని వైపరు ఒకసారి తుడిచింది, రెండోసారి తుడిచింది. లోపల అతని మొహం ఎటు తిరిగి ఉందో తెలియలేదు.

ట్రక్కు మైదానం దాటి కొండల దారి వైపు వెళ్ళింది. మలుపు దగ్గర వేగం తగ్గింది. హారన్ కోసం చొక్కా దించకుండా నిలబడ్డాను. వెనక ఎర్ర దీపాలు పక్కకి తిరిగాయి. హారన్ మోగలేదు.