తడి దూది

టీవీ స్టూడియోలో మేకప్ వేసే ఆవిడవి కారునలుపు చేతులు, గోళ్ళ సందుల్లో మాత్రం ఎప్పుడూ తెల్లపౌడరే. ఎవరేమన్నా పళ్ళు బిగించి బ్రష్షులు కడుక్కుంటుంది. ఇంటర్వ్యూలకి తరచూ వచ్చే ఓ పార్టీ నాయకుడు వచ్చాడంటే చాలు, వార్తలు చదివే అమ్మాయికి ఒళ్ళు తెలియదు. "ఆయనదేం రంగండీ బాబూ, కొరుక్కు తినాలనిపిస్తుంది! మీ జాతివాళ్ళవి మొరటు చేతులు, ఆ బుగ్గలు కందిపోతాయేమో చూసుకో!" అని మొన్న అందరి ముందూ మేకప్ ఆవిడతో అని నవ్వింది. ఆవిడ మర్చిపోలేదు. నిన్న ఇంటర్వ్యూ అయ్యాక, నాయకుడు కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలగానే, తడి దూది ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "మీవి మెత్తటి చేతులు కదమ్మా, మీరే తుడవండి." అమ్మాయి సిగ్గుపడిపోతూ తుడిచింది. తెల్లదనమంతా దూదికి అంటుకుని, కింద అచ్చం మేకప్ ఆవిడ చేతి రంగే బయటపడింది. అమ్మాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఆపేశారేం? చెవుల వెనక కూడా తుడవండి," అంది ఆవిడ, ఇంకో దూది అందిస్తూ.