పాండురంగారావు గారికి అర్థం కాలేదు

తాడేపల్లిగూడెంలో పాండురంగారావు గారికి ఏ సంగతీ ఒక్కసారికి అర్థం కాదు. బ్యాంకులోనైనా, రేషన్ షాపులోనైనా, ఆస్పత్రిలోనైనా చెప్పిందంతా శ్రద్ధగా విని, కళ్ళజోడు సవరించుకుని, "అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి" అంటారు. రెండోసారీ అంతే. మూడోసారికి గానీ వదలరు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే బ్యాంకులో సగంమంది భోజనానికి లేచిపోతారు, అప్పుడు ఉదయం పదిన్నరైనా సరే.

"పెళ్ళిచూపుల్లో 'నాకిష్టమేనండీ' అన్నాను. అర్థం కాలేదన్నారు! మూడుసార్లు చెప్పించుకున్నారమ్మా, సిగ్గుతో చచ్చిపోయాను" అంటారు ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు, ఇప్పటికీ మురిసిపోతూ.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని పెర్సిస్ ట్రైనింగు సెంటర్లు చూడటానికి బయల్దేరింది. ఏం చేస్తుంది పాపం!

పెర్సిస్‌ది కలిదిండి. వాళ్ళ నాన్న బెంజమిన్ చేపల చెరువు లీజు కాగితంలో ఏం రాసుందో అడగటానికి మొహమాటపడి సంతకం పెట్టేశాడు. చెరువు చెయ్యి జారిపోయింది. ఇప్పుడు అదే చెరువుకి కాపలా కాస్తున్నాడు. అందుకే పెర్సిస్ పారాలీగల్ ట్రైనింగు చెయ్యాలనుకుంది. అంటే లాయరు కాదు; లాయరు దాకా వెళ్ళలేని జనానికి కాగితం విప్పి చెప్పి, అర్జీ రాసిపెట్టే మనిషి. రొయ్యల ఫ్యాక్టరీలో పని మానేసి, తాడేపల్లిగూడెంలో పిన్ని ఇంట్లో దిగింది. "ఒక్క ఏడాదేనమ్మా. బాగా చూసుకుని చేరు, రెండోసారి నావల్ల కాదు" అని చెప్పి పంపాడు బెంజమిన్. తప్పు చోట చేరిందా, మళ్ళీ రొయ్యలు వొలుచుకోవాల్సిందే. పక్కవాటాలో ఉండే పాండురంగారావు గారు ముప్పై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా చేశారు కదా అని ఆయన్ని తోడడిగింది.

మొదటి సెంటర్ గూడెంలోనే. ఏసీ గది. మేనేజరు చరణ్‌తేజ గారు టై సర్దుకుని, "ప్లేస్‌మెంట్ వంద శాతమండీ" అన్నారు. పెర్సిస్ బుద్ధిగా తలూపింది.

"అర్థం కాలేదండీ" అన్నారు పాండురంగారావు గారు.

"అంటే ఉద్యోగం గ్యారంటీ అండీ."

"అర్థం కాలేదండీ. ఎక్కడ?"

"ఎక్కడంటే... ఇంటర్వ్యూకి పంపుతామండీ."

"మళ్ళీ చెప్పండి."

"పంపటానికి ప్రయత్నిస్తామండీ!"

మూడో విడతకి గ్యారంటీ కాస్తా ప్రయత్నమై కూర్చుంది.

రెండోది తణుకులో. "అన్నీ యాప్‌లో ఉన్నాయి, చూసుకోండి" అంది అక్కడి అమ్మాయి. పెర్సిస్ సరేనంది. ఈయన యాప్ అంటే ఏమిటన్న దగ్గర్నుంచి మొదలుపెట్టారు. మాస్టారు ఎవరు, క్లాసు ఎక్కడ, సందేహం వస్తే ఎవర్నడగాలి? చివరికి తేలిందేమిటంటే, అడగటానికి మనిషే లేడట. "పెద్దాయన్ని ఎందుకమ్మా తీసుకొచ్చావు?" అని ఆ అమ్మాయి విసుక్కుంది. పెర్సిస్‌కి తల కొట్టేసినట్టయింది.

తిరుగు బస్సులో ధైర్యం చేసి, "రేపు ఏలూరు నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను బాబాయ్‌గారూ" అంది.

"అర్థం కాలేదమ్మా."

అంత పెద్దమనిషికి ఆ మాట ఇంకో రెండుసార్లు చెప్పలేక వెంటబెట్టుకునే వెళ్ళింది.

ఏలూరులో మూడో సెంటరు రెండు పాత గదులు, నాలుగు బెంచీలు. నడిపేది నిర్మల గారనే పెద్ద వయసు లాయరు. వీళ్ళు వెళ్ళేసరికి ఆవిడ ఎదుట కొల్లేటి లంక నుంచి వచ్చిన సూరమ్మ, వానకి తడిసి ముద్దయిన ఇంటి పట్టా పట్టుకుని కూర్చుని ఉంది.

"నకలు కోసం ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ పెట్టి, రసీదు తీసుకోవాలమ్మా" అన్నారు నిర్మల గారు.

"చిత్తమండీ" అంది సూరమ్మ, బిక్కచచ్చిన మొహంతో.

వెనక బెంచీ నుంచి వినబడింది: "అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి."

పెర్సిస్ కళ్ళు మూసేసుకుంది. తన పని కాదు, తన పట్టా కాదు, ఈయనకెందుకు! నిర్మల గారు మాత్రం విసుక్కోలేదు. ఇంకా నెమ్మదిగా చెప్పారు. మళ్ళీ అర్థం కాలేదన్నారు ఈయన. ఆవిడ కాగితం తీసి, ఆఫీసు గుమ్మం, కిటికీ బొమ్మ గీసి, అర్జీ ఎవరి చేతికివ్వాలో, ఏం అడగాలో చెప్పారు.

"ఓసి నా తల్లీ! చీటీ చేతిలో పెట్టేదాకా నేను కిటికీ దగ్గర్నుంచి కదలకూడదన్నమాట!" అంది సూరమ్మ, మొహం చాటంత చేసుకుని.

పాండురంగారావు గారు ఇంక నోరు మెదపలేదు. అప్పుడు చూసింది పెర్సిస్. ఇంతసేపూ ఆయన కళ్ళు నిర్మల గారి మీద లేవు, సూరమ్మ మొహం మీదే ఉన్నాయి.

వరండాలోకి లాక్కొచ్చి నిలదీసింది. "మీకు మొదటిసారే అర్థమైంది కదండీ?"

ఆయన దొరికిపోయిన దొంగలా నవ్వారు. "కోర్టులో ఎంతమందినో చూశానమ్మా. తెలియలేదని చెప్పటానికి సిగ్గుపడి, లోపల సరేనని, బయటికొచ్చి ఏడ్చేవాళ్ళు. అందుకని వాళ్ళ బదులు నేనే అడుగుతాను. నాకేం పోయింది? మహా అయితే మొద్దు అనుకుంటారు."

"మరి నిన్నా మొన్నా? అక్కడ సూరమ్మ లేదుగా!"

"నువ్వున్నావు కదమ్మా" అన్నారాయన. "ఒకటే తలూపటం."

పెర్సిస్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నవ్వునే ఉంచుకుని, ఫారం నింపటానికి లోపలికి వెళ్ళింది.