పక్కింటాయన తిప్పతీగ

ఈ రోజు పొద్దున్నంతా మా మునగచెట్టు మీది తిప్పతీగ లాగడంతోనే సరిపోయింది. కరోనా రోజుల్లో కషాయానికని పక్కింటి అప్పారావు బాబాయి తన గోడవారన పాతిన తీగ అది. గోడ దాటి వచ్చి మా చెట్టంతా అల్లుకుంది, ఈ ఏడు పూతే లేదు. నేను కత్తి పట్టుకోగానే ఆయన పరుగున వచ్చారు.

"ఏటమ్మా, ఏటి సేత్తన్నావ్? మందుసెట్టుని అలా నరికెత్తారేటి!"

"ఇన్నేళ్లలో మీరు ఒక్క ఆకైనా నమిలారా బాబాయ్?"

"సేదు కదమ్మా, నాను తినలేను. మా కారు మీద ఆకులు రాలతన్నాయని నానే మీ సెట్టెక్కించాను."

ఇన్నాళ్లూ నేను అనవసరంగా తీగని తిట్టాను.

కోసిన ముక్కలన్నీ మోపు కట్టి, చెత్తబండి కోసం గేటు బయట పెట్టాను. తిప్పతీగ ముక్క గుచ్చితే చాలు, బతికేస్తుంది. సాయంత్రం చూస్తే ఆ మోపులోంచి నాలుగు ముక్కలు ఏరి, గుచ్చి, నీళ్లు పోస్తున్నారు మహానుభావుడు. తన గోడ పక్కన కాదు, మా గేటు పక్కన!

ఆ నాలుగూ పీకి పొయ్యి మీద పెట్టాను. గ్లాసుడు కషాయం పట్టుకెళ్లి, ఆయన తాగేదాకా ఎదురుగా నిలబడతాను. బెల్లం వెయ్యమంటారా, వద్దా? మీరే చెప్పండి.