ఎస్తేరక్క నేర్పిన రెండు బటన్లు

నా చేతులకు పని నేర్పి, నా తప్పులను కూడా వృథా పోనివ్వని దేవునికి స్తోత్రం.

ఎచ్చెర్లలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో ఈ ఉదయం ఒక అమ్మాయి దరఖాస్తు పూర్తిచేసి, అలవాటుగా విండోస్ బటన్ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కాను. రెప్ప వేసినట్టు తెర ఒక్కసారి మసకబారి మళ్లీ వెలిగింది. ఆ మసకలో నాకెప్పుడూ ఎస్తేరక్క కనిపిస్తుంది. పోయిన ఏడాది ఆమె ప్రభువునందు నిద్రించింది.

నరసన్నపేట బస్టాండు దగ్గర ఆమెకు ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ఆదివారం మా బాప్టిస్టు సంఘంలో పిల్లలకు పాఠాలు చెప్పేది, మిగతా ఆరు రోజులూ మూడు కంప్యూటర్ల మధ్య తిరిగేది. డిగ్రీ అయ్యాక నన్ను ఆపరేటరుగా పెట్టుకుంది. అక్కడొక కట్టుబాటు. దరఖాస్తు చేరిందని తెర మీద కనపడగానే ఆ తెరను ఫొటోగా పట్టి, మనిషి పేరూ ఊరి పేరూ పెట్టి దాచాలి. అప్పుడే వాళ్లు కుర్చీలోంచి లేవాలి. బైబిల్లో యొర్దాను నది దాటినవాళ్లు గుర్తుగా రాళ్లు నిలిపారు కదా, మనమూ దాటిన చోట గుర్తు నిలపాలని ఆమె చెప్పేది.

చేరిన కొత్తలో ఒక రోజు ముగ్గురు అమ్మాయిలు బస్సుకు వేళైందని తొందరపెట్టారు. వరసగా ముగ్గురివీ నింపి, ఒక్కోసారి ప్రింట్ స్క్రీన్ మాత్రం నొక్కాను. మూడూ లోపల ఉంటాయి, తీరిగ్గా పేస్ట్ చేసుకోవచ్చనుకున్నాను. సాయంత్రం ఎన్నిసార్లు పేస్ట్ చేసినా మూడో అమ్మాయిదే వచ్చింది. వెళ్లి అక్కకు చెప్పాను.

“ఒక్క పీట మీద ముగ్గుర్ని కూకోబెట్టినావే సువార్తా. ఎనకొచ్చింది ముందోళ్లని తోసేసినాది,” అని అక్క నవ్వింది. నా వేళ్లు తీసి బటన్ల మీద పెట్టింది. “విండోసు ఇడవకుండా ఇది నొక్కు. తెర మసకబారితే ఫోల్డర్లో పడ్డాదన్నమాట. మసకబార్లేదా, మనిషిని లెగనీకు.”

మర్నాడు మొదటి ఇద్దరు అమ్మాయిలకూ తానే ఫోన్ చేసి, తప్పు మా సెంటరుదేనని చెప్పి, మళ్లీ ఫొటో పట్టడానికి పిలిపించింది. నా పేరు ఎత్తలేదు. ఆ వారమంతా ఖాళీ దొరికితే చాలు, కళ్లు మూయించి మరీ నొక్కించింది. తెరలో కొంత ముక్కే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కాలని కూడా అప్పుడే నేర్పింది.

రెండేళ్లకు భావనపాడు నుంచి గౌరి అనే అమ్మాయి, సముద్రం మీద చేపల వేటకు వెళ్లే తన తండ్రితో వచ్చింది. నర్సింగు సీటుకు కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. సైటు ఎంతకీ కదలదు. చివరికి ఎంపికలు చేరాయని కనపడింది. నేను అనుకునేలోపే వేళ్లు నొక్కేశాయి. తెర మసకబారింది. మరుక్షణం సైటు మమ్మల్ని బయటికి నెట్టేసింది.

తర్వాత వచ్చిన సీట్ల జాబితాలో గౌరి పేరు లేదు. అసలు ఎంపికలే పెట్టలేదని వచ్చింది. తండ్రీ కూతుళ్లు మళ్లీ మా సెంటరుకు వచ్చారు. తండ్రి గుమ్మంలోనే నిలబడి, “సీటు రాపోతే ఇంకో ఏడు ఆగనమ్మా. రొయ్యల కంపెనీకి పంపేస్తాను,” అన్నాడు.

“తియ్యే ఫోల్డరు,” అంది అక్క.

గౌరి, భావనపాడు. నంబరుంది, కాలేజీల వరుసుంది, గడువుకు ఇరవై నిమిషాల ముందని మూలన టైమూ ఉంది. ప్రింటు తీసుకుని నలుగురం శ్రీకాకుళంలోని సహాయ కేంద్రానికి వెళ్లాం. అధికారి తన కంప్యూటరులో ఏమీ లేదన్నాడు. అక్క వాదించలేదు. కాగితం ముందు పెట్టి, “మా మాట నమ్మొద్దు బాబూ. ఈ మూల టైము సూడండి,” అంది. ఆయన టైము చూసి, పైవాళ్లకు ఫోన్ చేశాడు. రెండో విడతలో గౌరికి సీటు వచ్చింది.

ఆ కబురు చెప్పడానికి తండ్రే వచ్చాడు. “అక్కా, మీ దేవుడు కంప్యూటర్లో కూడా ఉంటాడేటి?” అని అడిగాడు.

“అదేమో గాని మావా, ఆ రోజు మా సువార్త సేతి ఏళ్లకాడున్నాడు,” అంది అక్క. ఆదివారం సంఘంలో నన్ను నిలబెట్టి ఈ సాక్ష్యం చెప్పించింది. హల్లెలూయా అన్న ఆ కేక రోడ్డు మీదికి వినిపించే ఉంటుంది. గౌరి ఇప్పుడు నర్సు.

పేదవాళ్లు నిజం చెప్పినా, రుజువు లేకపోతే వినేవాళ్లు తక్కువ. ఆ రుజువు పట్టి దాచాకే వాళ్లను లేవనివ్వడం, నా చేతిలో తప్పు జరిగితే నాదేనని ముందే ఒప్పుకోవడం, ఈ రెండూ అక్క నాకు ఇచ్చిపోయింది. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, నేడు ఏదో ఒక తెర ముందు ఆశతో కూర్చున్న ప్రతి బిడ్డ పక్కన ఓపిక గల ఒక మనిషిని కూర్చోబెట్టు. ఆమేన్.