రొట్టెల బట్టీవారి ఇంటిపేరు

సెప్టెంబరు రెండో ఆదివారం: అమెరికాలోని క్యారీ ఊళ్ళో మా తెలుగు బడి పిల్లలు ‘మా ఇంటిపేరు, దాని కథ’ అని రాసిన చార్టులను గోడకు అతికించారు. నా మనవరాలి చార్టును తలుపు వెనుక అతికించారు.
మూడో ఆదివారం: అక్కడా లేదు.
నాలుగో ఆదివారం: అడిగాను. చూస్తామన్నారు.
అక్టోబరు మొదటి ఆదివారం: బీరువా మీద, రంగు కాగితాల అడుగున నాకే దొరికింది. ఒక మూల నలిగిపోయింది.

ఇవన్నీ నా డైరీలో ఉన్నాయి. రాసే ఓపిక తగ్గింది. రాయకపోతే జరగనే లేదంటారు.

మా అల్లుడు అమెరికన్. ఇంటిపేరు ఫూర్నియే. అతని పూర్వులు ఫ్రాన్సు నుంచి కెనడాకు, అక్కడి నుంచి ఈ దేశపు నూలుమిల్లులకు వచ్చారు. ఆ పేరుకు రొట్టెల బట్టీ నడిపేవాడని అర్థం. పూర్వం అక్కడి పల్లెల్లో ఊరంతటికీ ఒకటే బట్టీ ఉండేదట. ఎవరి పిండి వారు తెచ్చుకుంటే అతను కాల్చి ఇచ్చేవాడు. మన ఇంటిపేర్లు కూడా ఊరి నుంచో, చేసిన పని నుంచో వచ్చినవేనని మనవరాలికి చెప్పాను. రెండు సాయంత్రాలు కూర్చుని ఎనిమిది వాక్యాలు తెలుగులో రాసింది. కింద బట్టీ బొమ్మ, దాని ముందు పిండిముద్దలతో జనం. వరుస చివర చేతికర్రతో నన్నూ నిలబెట్టింది.

చార్టు పట్టుకుని బడి కమిటీ పెద్ద దగ్గరికి వెళ్ళాను. నా కొడుకు వయసువాడు.

“అది తెలుగు ఇంటిపేరు కాదు కదంకుల్. పేరెంట్స్ కన్‌ఫ్యూజ్ అవుతున్నారు. మీ ఇంటిపేరుతో ఇంకోటి రాయించేయండి, అయిపోద్ది.”

“మీ ఇంటిపేరుకు అర్థమేమిటి బాబూ?”

“ఏమో అంకుల్, మా డాడీకీ తెలీదు.” నవ్వాడు. “ఈ ఏజ్‌లో చార్ట్ కోసం ఫైటింగేంటి? కాఫీ తాగండి ముందు.”

తాగాను. చల్లారిపోయి ఉంది.

తిరిగి వస్తుంటే కారులో మనవరాలు అడిగింది: “తాతయ్యా, డాడీ నేమ్ తెలుగులో రాయకూడదా?”

వెంటనే తనే, “అయితే నెక్స్ట్ సండే నేను రాను” అంది.

ఆ మాటనూ తేదీ వేసి రాసుకున్నాను. తరువాత కమిటీకి ఈ ఉత్తరం రాశాను:

“ఆ చార్టును మిగతా పిల్లల చార్టుల పక్కన తిరిగి పెడతారా, పెట్టరా? పెట్టని పక్షంలో కారణమేమిటి? వచ్చే ఆదివారంలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. జవాబు నా మనవరాలి పేరున ఇవ్వండి. తెలుగులో, పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాయండి. ఆమె చదవగలదు.”