మనిషి పుట్టుక మీద మాటా మాటా

కొత్తగూడెం బొగ్గు గనుల్లో నేను సర్వేయర్‌గా పనిచేసినన్నాళ్లూ నా వెంట టేపు పట్టుకుని నడిచిన మనిషి ఒక్కడే. రిటైరయ్యాక ఇద్దరం చండ్రుగొండలో తేలాం. నా భార్య పోయాక రోజు మొత్తంలో నేను నోరు విప్పేది సాయంత్రం ఒక గంటే. బస్టాండు దగ్గరి టీకొట్టులో నేను పేపరు పైకి చదివేవాణ్ణి. చదువురాని అతను శ్రద్ధగా వినేవాడు.

ఒకరోజు మనిషి పుట్టుక గురించి వార్త వచ్చింది. ఎక్కడో పాత ఎముకలు దొరికాయట, శాస్త్రజ్ఞులు ఇన్నాళ్లూ అనుకున్నది మార్చుకోవాలట.

"పోయినసారి ఇంకోతీరు చదివిన్రు గద సార్," అన్నాడు.

"అవ్. కొత్తవి దొరికితే మారుతది."

"గిట్ల మారుడే అయితే, అసలు కథ సుత రేపు మారదా? దేన్ని నమ్మాలె?"

మనిషి పాత జీవుల నుంచే వచ్చాడన్నది మారలేదని, ఎక్కడ, ఎప్పుడు అన్నదే మారుతోందని చెప్పాను. అతను ఒప్పుకోలేదు.

"ఒక్క మాట మీద నిలబడనోన్ని ఊళ్లె ఎవరన్న నమ్ముతరా?"

"నీకేం తెలుస్తది, అక్షరం ముక్క రానోనివి," అనేశాను.

కొట్టులో నలుగురూ విన్నారు. అతను టీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. అతని ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ ఎముకల్లో ఒక్కటైనా నేను చూసింది లేదు. నేనూ ఎవరి మాటో నమ్మినవాణ్ణే.

అశ్వారావుపేట దగ్గర బిడ్డ ఇంటికి వెళ్లాడని తెలిసి బస్సెక్కాను. ఆయిల్‌పామ్ తోటలో మట్టలు లాగి కుప్ప వేస్తున్నాడు. నన్ను చూసి మంచం వాల్చాడు.

"గనిల మన ప్లాను ఎన్నిసార్లు మార్చి గీసినం?" అని అడిగాను.

"శానసార్లు."

"మారిందని నువ్వు దిగనన్నవా?"

తల అడ్డంగా ఊపాడు. "తెలిసినకాడ మీరు నిండు గీత గీస్తుండ్రి. తెల్వనికాడ చుక్కలు పెడుతుండ్రి. ఇక్కడ బొగ్గు పొర తెగిందో లేదో తెల్వదని దిగకముందే చెప్తుండ్రి. అందుకే నమ్మిన. పేపరోడు అన్నీ నిండు గీతలే గీస్తడు. చుక్కలేవో నాకెట్ల తెలుస్తది సార్?"

నిజమే. నేనూ అన్నిటినీ ఒకే గొంతుతో చదివి వినిపించాను. ఏ ఎముక ఎంత పాతది, ఏ జాతి ఎవరికి చుట్టం, మొదట ఎక్కడ బయల్దేరారు, ఇవన్నీ చుక్కల గీతలన్నాను. జీవులు తరతరాలుగా మారుతూ వచ్చాయన్నది మాత్రం ఎందరో ఎన్నో చోట్ల తవ్వి చూసి గీసిన నిండు గీత అన్నాను.

"గట్లయితే సరే," అన్నాడు. "ఇది ఆనాడే చెప్తే అయిపోతుండె."

తప్పయిపోయిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అతని బిడ్డ మజ్జిగ తెచ్చింది. తాగాను.

"చండ్రుగొండ ఎప్పుడొస్తవ్?"

"చూద్దాం సార్," అని మళ్లీ మట్టల దగ్గరికి నడిచాడు.

రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, బాగున్నరా సార్ అంటాడు, వానల సంగతి చెబుతాడు. నేను ఇంకేదో అనబోయేలోపు, ఉంట సార్ అని పెట్టేస్తాడు.