నేను చెలికత్తెనైన ఆదివారం

ఆ కాలపు మద్రాసులో పాతికేళ్ళు వచ్చినా మీసం లేని మగవాణ్ణి చూస్తే జనం రెండే అనుకునేవారు. పాపం, మొలవలేదేమో అని. లేదా నాటకాల్లో ఆడవేషం కడతాడేమో అని. నేను రెండో రకం. అరవైల నాటి మాట ఇది. సౌకార్‌పేటలో మా మేనమామకు పసుపు, కుంకుమల హోల్‌సేల్ అంగడి ఉండేది. ఏడాదంతా ఆ అంగట్లో మూటలకు చీటీలు కట్టే మనిషిని. ఒక్కరోజు మాత్రం రాణిని. మా తెలుగు వర్తకులంతా కలిసి ఏటా ఒక పద్యనాటకం ఆడేవాళ్ళు. అందులో రాజు ఎప్పుడూ మా మామే (అప్పటికే ఆయనకు యాభై ఎనిమిది దాటాయి, పై వరస కట్టుడుపళ్ళు, అయినా యువరాజు గెటప్పే కావాలి). రాణిని నేను. అలా వరసగా ఆరేళ్ళు. మీసం లేదని రెండు పెళ్ళిచూపుల్లో నన్ను కాదన్నారు. అయినా నేను మీసం పెంచలేదు. పెళ్ళికూతురు దొరకకపోతే ఇంకో ఏడు చూసుకోవచ్చు, రాణి వేషం పోతే ఎట్లా?

నా వైభవం మీకు చెప్పాలి, చెప్పకపోతే నా కుళ్ళు మీకు అర్థం కాదు. వేషం రోజున మా అత్త తన పెళ్ళినాటి పట్టుచీర నాకు ఇచ్చేది. కట్టుకుని బయటికి రాగానే చుట్టూ తిరిగి చూసి, "నా చీర నాకంటే నీకే కుదిరిందే, పోరా పో" అని కాస్త కోపంగానే అనేది. మా వాళ్ళ ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి కొప్పు ఎలా వేసుకోవాలో అడిగేవారు. అన్నిటికంటే పెద్దది వన్స్ మోర్. ఆ రోజుల్లో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరిచేవారు, అరిస్తే మళ్ళీ పాడి తీరాలి. చచ్చి పడిపోయిన పాత్ర అయినా లేచి కూర్చుని, పద్యం పాడి, మళ్ళీ పద్ధతిగా చావాలి. రెండో అంకంలో, యుద్ధానికి పోయిన రాజు కోసం రాణి బెంగతో పాడే పద్యం ఒకటుంది. దానికి నాకు ఒక ఏడాది మూడు వన్స్ మోర్లు వచ్చాయి. ఆ మూడింటినీ తలుచుకుంటూ ఏడాదంతా పసుపు మూటల మధ్య హాయిగా బతికేవాణ్ణి.

ఏడో ఏట మా మామ అంగట్లో కూర్చుని, నా మొహం చూడకుండా చల్లగా చెప్పాడు. "ఈ తూరి రాణికి నిజం ఆడమనిషినే పిలిపిస్తా ఉండామురా. ఆంధ్రాలో అందురూ అట్టే చేస్తా ఉండారంట."

"మరి నేను?"

"నీకేమిరా, చెలికత్తె ఉంది గదా. సుమ్మా, ఊరికే పక్కన నిలబడి విసనకర్ర ఊపు, సరిపోతుంది."

ఆ మాటకు నాకు కడుపు మండింది. మామ మీద కాదు, ఇంకా మొహం చూడని ఆ మనిషి మీద. తెనాలి వైపు నుంచి వస్తుందట. ఆవిడకు ఆ రాణి వేషం కొట్టిన పిండి అట, ఏ ఊళ్ళో ఎవరు పిలిచినా వెళ్ళి ఆడి వస్తుందట. ఆవిడ అనాకారిగా ఉండాలని, గొంతు బొంగురుగా ఉండాలని, వీలైతే రెండూ కలిసి ఉండాలని కందకోట్టం గుడి ముందు నుంచి పోయినప్పుడల్లా మొక్కుకున్నాను (చిన్న కోరికలకు ఆ స్వామిని ఇబ్బంది పెట్టకూడదని మా అమ్మ చెప్పేది, ఇది నాకు చిన్నదిగా కనిపించలేదు).

నాటకం ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. సాయంత్రం అదే హాల్లో ఎవరిదో రిసెప్షన్. ఆ పొద్దున పక్క వీధికే కాదు, పార్క్ టౌనుకు కూడా నడిచే పోయే మా మామ టాక్సీ మాట్లాడుకుని సెంట్రల్ స్టేషన్‌కు వెళ్ళాడు. ట్రంకుపెట్టె మొయ్యడానికి నన్ను తీసుకెళ్ళాడు. మాజీ రాణి చేత కొత్త రాణి పెట్టె మోయించడం న్యాయమా అని నేను ఆయన్ని అడగలేదు. రైలు దిగిన మనిషిని చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. నలభై దాటిన మనిషి, పొట్టి, నలుపు, నూలుచీర, ఒక కాలు కొంచెం ఈడుస్తోంది. స్వామి విన్నాడనుకున్నాను. రిహార్సల్ ఎప్పుడు పెట్టుకుందామని మామ వినయంగా అడిగితే, "రిహార్సలెందుకండీ? మీరు పద్యం ఎక్కడ ఆపుతారో చెప్పండి చాలు, అక్కణ్ణుంచి నేను అందుకుంటా" అంది. ఆ ఒక్క మాటా అని, మెడకు తుండుగుడ్డ చుట్టుకుని, మధ్యాహ్నం దాకా మళ్ళీ నోరు విప్పలేదు. ఏం కావాలన్నా చేత్తో సైగే. మిరియాల నీళ్ళు తెమ్మని నాకే నాలుగు సార్లు సైగ చేసింది. గర్వం చూడు అనుకున్నాను.

నా పన్నాగం అప్పటికే తయారు. అంగట్లో మూటలు దించే వాళ్ళలో ఒకణ్ణి అందరం మైకు అనేవాళ్ళం. వాడు వీధి ఈ చివర దగ్గితే ఆ చివర కుక్కలు లేచేవి. వాణ్ణి, ఇంకో ఏడుగుర్నీ హోటలుకు తీసుకెళ్ళి బోండాలు, కాఫీ ఇప్పించి పని చెప్పాను. "రెండో అంకంలో విరహ పద్యం వస్తుంది గదా. అది అయినప్పుడల్లా వన్స్ మోర్ అనాల. గొంతు పూర్తిగా పోయేదాకా నిలపద్దు."

"ఎవురి గొంతు అప్పా?"

"పాడేవాళ్ళదిరా!"

"సరి, సరి" అన్నాడు మైకు, ఇంకో బోండా అందుకుంటూ.

తెర లేచింది. ఆ పొట్టి, నల్లటి, కాలీడ్చే మనిషి ఎక్కడికి పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని వచ్చిన మనిషి వేరే. నడక వేరే. నేను ఆరేళ్ళు నడిచింది రాణి నడక కాదని, మా అత్త చీర జారిపోకుండా నడిచిన నడక అని ఆవిడ నాలుగు అడుగులు వేయగానే తెలిసిపోయింది. రెండో అంకంలో ఆ పద్యం అందుకుంది. హాలంతా వన్స్ మోర్ అంది, మైకు అవసరమే లేకుండా. రెండోసారి ఇంకా బాగా పాడింది. విసనకర్ర ఊపుతూ పక్కన నిలబడి ఉన్న నేను ఊపడం మరిచిపోయాను. మెచ్చుకోలో కుళ్ళో చెప్పలేను, కుళ్ళే అయి ఉంటుంది. అప్పుడు మైకు మొదలుపెట్టాడు. మూడోసారి పాడింది. నాలుగోసారి పాడింది. చివర్న గొంతు సన్నగా జీర పోయింది. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆవిడ సరిగ్గా అప్పుడే నా వైపు చూసింది.

"వన్స్ మో...ర్!" అన్నాడు మైకు.

రాణి మెల్లగా నా దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని, ఆట మాటల్లోనే అంది. "చెలీ, విరహంతో నా కంఠం పూడుకుపోయినది. నా మనసు ఎరిగినదానవు నీవొక్కతెవే. నా మాటగా ఆ పద్యం నీవే వినిపింపుము." నా చేతిలో విసనకర్ర తీసుకుని, సింహాసనంలో కూర్చుని తనే విసురుకోవడం మొదలుపెట్టింది. జనం చప్పట్లు. హార్మోనియం తాత సంబరంగా శ్రుతి అందించాడు. అది ఆవిడ శ్రుతి, నాకు రెండు మెట్లు పైన. అయినా పాడాను. మొండితనమో, ఆరేళ్ళ ప్రేమో, నా జన్మలో అంత బాగా నేను ఎప్పుడూ పాడలేదు. హాలు కదిలిపోయింది. నేను చేతులు జోడించి తల వంచాను.

"వన్స్ మో...ర్!"

మళ్ళీ పాడాను. మళ్ళీ అరిచాడు. కనుబొమలు ఎగరేశాను, తల అడ్డంగా ఊపాను, పళ్ళు కొరికాను. దాన్ని చెలికత్తె అభినయం అనుకుని వాడు ఇంకా ఉత్సాహంగా అరిచాడు. నాలుగోసారి పద్యం మధ్యలో నా గొంతు తెగింది. లోపల్నుంచి మూటలు దించే మొగగొంతు ఒకటి భళ్ళున బయటపడింది. హాలంతా పగలబడి నవ్వింది. పక్క తెర చాటున యుద్ధం గెలిచి నిలబడ్డ మా మామ "లోపలికి రారా, సచ్చినోడా" అని కత్తి ఊపుతున్నాడు. రాణి లేచి నన్ను పొదివి పట్టుకుని, "అయ్యో, నా వ్యథ నా చెలికి కూడా సోకినదే!" అంది. ఆ మాటకు వచ్చినన్ని చప్పట్లు ఆ రోజు దేనికీ రాలేదు.

ఆట అయ్యాక మైకును పట్టుకుని గుసగుసగా తిట్టాను (తిట్టడానికి అంతకంటే గొంతు లేదు). వాడు బిక్కమొహం వేశాడు. "నువ్వే గదప్పా చెప్తివి, పాడేవాళ్ళ గొంతు పోవాలని? ఆడ ఎవురు పాడతా ఉంటే నాకేమి దెలుసు?"

లోపల ఆవిడ రంగు తుడుచుకుంటోంది. అద్దంలోంచే నన్ను చూసి, "అరిచినోళ్ళు నీవాళ్ళేనా అబ్బాయ్?" అంది. అబద్ధమాడటానికి గొంతు లేక తలూపాను. ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. మిరియాల నీళ్ళ చెంబు నా వైపు జరిపింది. "ఏడో ఏట ఎక్కించారు నన్ను స్టేజీ. మొదట్లో ఇట్టాగే విసనకర్ర ఊపా. తొమ్మిదేళ్ళు ఊపాక రాణి అనారోగ్యంగా ఉందని ఒక రాత్రి నన్ను నిలబెట్టారు. ఆ రాణి నా మీద నీకంటే ఎక్కువ ఏడ్చింది. రేపు గూడూరు, ఎల్లుండి ఒంగోలు. ఈ గొంతు ఒక్కరోజు పోతే నాకు ఇంకో పని రాదయ్యా. నీకేం, రేపు మీ అంగడి తెరుచుకుంటుంది."

నేను తల ఎత్తలేకపోయాను. పసుపు మూటలు నాకు ఎప్పుడూ శిక్షగానే కనిపించేవి. ఆవిడకు అలాంటి మూట ఒక్కటీ లేదని, ఉన్నదంతా ఆ మెడకు చుట్టుకున్న తుండుగుడ్డ వెనకే ఉందని అప్పటిదాకా తట్టలేదు. చెంబులో నీళ్ళు తాగి లేచాను. వెళ్ళబోతుంటే వెనక నుంచి అంది. "మొదటిసారి పాడావే, అది నాకంటే బాగా పాడావు."

ఆ ఒక్క మాట మీద నేను రెండేళ్ళు బతికాను. వేషాలు మానేశాను, మీసం పెంచాను, పెళ్ళి కూడా అయింది. ఎవరేమన్నా లోపల నవ్వుకునేవాణ్ణి, రాణిగారే నాకంటే బాగా పాడావు అన్న సంగతి వీళ్ళకేం తెలుసని. ఒకరోజు నెల్లూరు నుంచి సరుకుకు వచ్చిన వర్తకుడొకాయన మా అంగట్లో కూర్చుని వాళ్ళ ఊరి నాటకం గురించి చెప్పాడు. రాణి వేషానికి తెనాలి వైపు నుంచి ఒకావిడ వచ్చిందట. గొంతు అలిసిందేమో, విరహ పద్యం చెలికత్తె వేషంలో ఉన్న కుర్రాడికి ఇచ్చి పాడించిందట. ఆ కుర్రాడు ఎంత బాగా పాడాడంటే, ఆట అయ్యాక ఆవిడే పిలిచి, నాకంటే బాగా పాడావయ్యా అందట. ఆ పూట నేను అన్నం తినలేదు. మా ఆవిడ కారణం అడిగితే అజీర్తి అన్నాను.

ఇప్పుడు నాకు అప్పటి మా మామ వయసు దాటింది, పై వరస నాకూ కట్టుడుదే. ఆవిడ మీద కుళ్ళు ఆ ఆదివారమే పోయింది, తలుచుకుంటే చెయ్యెత్తి మొక్కబుద్ధవుతుంది. ఆ నెల్లూరు కుర్రాణ్ణి మాత్రం నేను ఇంకా క్షమించలేదు.